రంజన గీసిన రైలు గీత

జులై 14, సోమవారం
ఎనిమిదో తరగతి. దూరం – కాలం. పుస్తకంల రైలు ఎప్పుడూ ఒకే వేగంతోని పోతది. లెక్క బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీ నుంచి... "మేడమ్, రేల్ ఐసే నై చల్తీ." రైలు గిట్ల నడవదట! రంజన. బీహార్ పిల్ల, నాయన జిన్నారం దిక్కు మందుల కంపెనీల పని. జూన్‌ల చేరినప్పటి సంది హాజరు పలుకుడు తప్ప ఆ పిల్ల నోట మాట విన్లే. అందరు నవ్విన్రు. నేను నవ్వలే. పిల్ల చెప్పింది కరెక్టే.

జులై 15
ఇంటర్వెల్‌ల పిలిచి నాకొచ్చిన ఉర్దూలనే అడిగిన. తల్లి మూడు నెలల కింద ఊరికి పోయిందట, ఇక్కడి గాలి వాసన పడక. రేపు రాత్రి పాట్నాల బండెక్కుతా అన్నదట. ఆమె రాకుంటే నిన్ను గుడ పంపిస్త అన్నడట నాయన. "నాకు స్కూల్ కావాలె." ఈ ఒక్క మాట తెలుగుల అన్నది.

జులై 16
రంజన తల్లి ఎక్కే బండినే లెక్కల క్లాసుల గీత గీయిస్త అన్న. హెడ్‌మాస్టర్ సిలబస్ అని గొణిగిండు... పెద్ద స్క్రీన్ గది తాళంచెవి ఇచ్చిండు.

జులై 17, గురువారం
నా ఫోన్ నెట్టు. రైలు ఎక్కడున్నదో చూపే సైటు. అరగంటకొకసారి చూసుడు, చార్టు మీద చుక్క పెట్టుడు. కలిపేది రంజన. మధ్యప్రదేశ్‌ల ఇటార్సి కాడ గీత అడ్డం తిరిగింది.
"మేడమ్, గీత పండుకున్నది!" ముందు బెంచీల మహేశ్వరి అరిసింది.
రంజన, వచ్చీరాని తెలుగుల — "బండి ఆగింది. టైం పోతది, దూరం పోదు."
పదేండ్ల సంది చెప్తున్న ఈ పాఠం. ఇంత సాఫ్‌గ నేనెన్నడు చెప్పలే.
తర్వాత ఒకసారి సైటుల లేటు లేదని ఉంది, చుక్క మాత్రం కదుల్తలేదు. మహేశ్వరే పట్టింది: "కింద టైం చూడుండ్రి మేడమ్, ఇది గంట కిందటి సంగతి." అప్పటి సంది ప్రతి చుక్క పక్కన అది ఏ టైముదో గుడ రాస్తున్నరు.
పోయేటప్పుడు రంజన అడిగింది — అమ్మ ఎక్కిందో లేదో ఈ సైటుల కనిపిస్తదా? కనిపించదు బిడ్డా. తల్లి ఫోన్ నిన్నటి సంది బందు.

జులై 18
బండి పది గంటలు లేటు. రంజన రాలే. పొద్దుగాల నాయనతోని సికింద్రాబాద్ స్టేషన్‌కు బస్సెక్కంగ మహేశ్వరి చూసిందట. యూనిఫాం మీదనే, స్కూల్ బ్యాగేసుకొని.
ఇయ్యాల గీత మహేశ్వరి గీస్తున్నది. కాజీపేట దాటింది. బెల్లయినా ఎవ్వరు లేస్తలేరు.
మూడున్నరకు రంజన నాయనకు ఫోన్ కలిపిన. ఎత్తింది రంజననే. స్టేషన్‌ల మస్తు లొల్లి. "మేడమ్, బండి వచ్చింది! జనం దిగుతున్నరు... అమ్మ కోసం చూస్తున్న... ఆగుండ్రి—"
కట్టయింది.
మళ్ల చెయ్యలే. చూసుకోనీ.