పేరు పెట్టి పిలవని కాల్

బెంగళూరు,
మంగళవారం

అక్కకూ బావకూ సైదులు దండాలు పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మీరెలా ఉన్నారు? మిల్లు దుమ్ముకు బావకు వచ్చిన దగ్గు తగ్గిందా? బుజ్జిది బడికి ఏడవకుండా పోతున్నదా? జేబులో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాసేవాణ్ణి ఎక్కడా చూడలేదని బావ నవ్వుతాడు. నవ్వనీ. ఫోన్‌లో చెప్పలేని సంగతి ఒకటి ఉంది, అక్కా. అది చివర్లో వస్తుంది. మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి పోకు.

నా ఆరోగ్యానికి ఏం కాలేదు, భయపడకు. ఇక్కడ వాన మన దగ్గరలా దంచి ఊరుకోదు. పొద్దున సన్నగా మొదలుపెట్టి సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంటుంది. ఆఫీసులో ఏసీ చలికి బావ ఇచ్చిన స్వెట్టర్ వేసుకునే కూర్చుంటున్నాను. హోటల్లో సాంబారులో బెల్లం వేస్తారు. మొదటి రోజు పొరపాటున పడిందేమో అనుకున్నాను. రెండో రోజు కూడా పడింది. ఐదు నెలలైనా నాలుక ఒప్పుకోవడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఎల్లిపాయ కారం ఒక సీసా పంపు. ఎవరూ రాకపోతే పంపకు, ఊరికే రాశాను.

గదిలో నాతో ఇద్దరుంటారు. ఒకతను ఒరియా, ఒకతను కన్నడ. మంచివాళ్ళే. నాకు వాళ్ళ మాట రాదు, వాళ్ళకు నాది రాదు. అన్నం గిన్నె చూపించి తల ఊపుకుంటాం. మంగళవారం నాకు సెలవు. ఆ రోజు ఏం చేస్తావని అమ్మ అడిగితే సినిమాకు పోతానని చెప్పాను. అబద్ధం. బస్టాండుకు పోయి, తెలుగులో బోర్డు రాసి ఉన్న బస్సులు చూసి వస్తాను. ఇది అమ్మతో అనకు.

పని సంగతి తెలుసు కదా. డిష్ పెట్టెలో బొమ్మ రాకపోతే జనం చేసే ఫోన్లు ఎత్తి మాట్లాడటం. సూర్యాపేటలో ఇంటర్నెట్ షాపులో కంప్యూటర్లు విప్పి బిగించినప్పుడు పాడైన వస్తువు కళ్ళ ముందుండేది. ఇప్పుడది ఎక్కడో ఉంటుంది, తిట్లు మాత్రం చెవిలోకి వస్తాయి. వానకు బొమ్మ పోయిందంటే ఆ వాన నేనే పంపినట్టు మాట్లాడతారు. మొన్న ఒకాయన రిమోట్ పనిచేయడం లేదని పావుగంట చెడతిట్టాడు. తీరా చూస్తే అది పక్కింటివాళ్ళ రిమోట్. ఒక పెద్దావిడ మాత్రం మర్యాదగానే, కరెంటు పోయినప్పుడు సీరియల్లో కోడలు ఏమైందో చెప్పమంది. నాకేం తెలుసు? ఇంటికి తిరిగొచ్చిందండీ అని చెప్పాను.

పొద్దంతా ఇంతమందితో మాట్లాడతాను గానీ, తిన్నావా అని అడిగేవాడు ఒక్కడు లేడు. నోరు నొప్పి పుడుతుంది, మాట్లాడినట్టు మాత్రం ఉండదు.

పైగా మా మాటలన్నీ రికార్డు చేసి, పద్మ మేడం అని ఒకామె వింటూ మార్కులు వేస్తుంది. 'ఉంటది' అంటే మార్కు కోత. 'ఉంటుందండి' అనాలి. నా పేరు కూడా మార్చారు. మా టీమ్ లీడర్‌ది ఉత్తరాది, అతనికి 'సైదులు' నోరు తిరగలేదు. ఇక్కడ నేను కిరణ్‌ని. ఇంకో నియమం ఉంది. ప్రతి కాల్‌లో కస్టమర్ పేరు కనీసం మూడుసార్లు పలకాలి. వెంకన్న గారూ, సుజాత గారూ అని పేరు పెట్టి పిలిస్తే వాళ్ళకు దగ్గరితనం అనిపిస్తుందట.

ఇక అసలు సంగతి. పోయిన వారం బుధవారం, పొద్దున పదిన్నర అయి ఉంటుంది. ఒక కాల్ పడింది. అలవాటుగా, "నమస్కారమండి, నేను కిరణ్ మాట్లాడుతున్నాను, మీకు ఎలా సహాయపడగలను?" అన్నాను. అన్నాక కంప్యూటర్ మీద పేరూ ఊరూ చూశాను. పేరు మల్లయ్య. మండలం మోతె.

"హలో సార్, మా టీవీల బొమ్మ వస్తలేదు సార్. నిన్న వాన పడ్డకాన్నుంచి గిట్లనే ఉంది."

అక్కా, నాయిన నన్ను సార్ అన్నాడు.

నేనే అని చెప్పాలనే అనుకున్నాను. నోరు రాలేదు. సొంతవాళ్ళ కాల్ వస్తే వేరేవాళ్ళకు మళ్ళించాలని రూలు కూడా ఉంది. మళ్ళిస్తే ఆ గొంతు పోతుంది కదా. నేను వచ్చేనాడు వాకిట్లో గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ, తల కూడా ఎత్తకుండా, "పోతే పో" అన్నవాడు ఆయన. ఆ తర్వాత ఫోన్‌లో "తిన్నవా? ఆ. మీ అమ్మకిస్తున్న" అనడమే తప్ప నాలుగో మాట లేదు. కోపం తగ్గలేదనుకున్నాను. నువ్వూ అదే అన్నావు. అందుకే ఆ గొంతు వదలబుద్ధి కాలేదు.

పెట్టె వెనకాల తీగ గట్టిగా బిగించి చూడండి అన్నాను.

"జర ఆగున్రి సార్, కండ్లద్దాలు పెట్టుకుంట."

నాయినకు కళ్ళద్దాలు వచ్చాయని నాకెవరు చెప్పారు? అమ్మ చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అండి అని అడిగాను.

"ఎవ్వల్లేరు సార్. మా ఇంటామె నాట్లకు పోయింది. నాకు కాల్ల ముల్లు ఇరిగి మూడొద్దుల సంది ఇంట్లనే ఉంటున్న. గొర్లను మా తమ్ముడు మేపుతున్నడు."

అదీ నాకు తెలియదు. స్విచ్ ఆపి మళ్ళీ వేయమన్నాను. అలా వేస్తే పెట్టె మేలుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఊరికే ఉండలేక ఆయనే మొదలుపెట్టాడు.

"మా పోరగాడుంటే గిదంత వాడే సూస్తుండె సార్. బెంగుళూర్ల ఉంటడు. మీ లెక్కనే ఫోన్ల మాట్లాడే నౌకరి."

"అలాగా అండి. మాట్లాడుతుంటారా?"

"ఆదివారం ఆదివారం చేస్తడు. వాళ్ళమ్మ మాట్లాడుతది, నేను పక్కన కూసొని ఇంట. నాకిస్తే మాత్రం రెండు ముక్కలు మాట్లాడి మళ్ళ ఆమెకే ఇస్త."

"ఎందుకండి?"

రిమోట్ మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అన్నాడు:

"పోయిన కొత్తల వాడు ఏడిసిండు సార్. నేను నాలుగు మాటలు మాట్లాడితే, వచ్చెయ్ బిడ్డా అని నోట్లకెల్లి వస్తది. నేనన్ననంటే వాడు మర్నాడే బస్సెక్కుతడు. మళ్ళ గొర్ల ఎన్క తిరుగుడేనాయె. గందుకే మాట్లాడ."

నా మాట అటు వినపడకుండా చేసే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కి, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. పక్క సీటు అమ్మాయి తలనొప్పి బిళ్ళ ఇచ్చింది. చెవిలో నాయిన, "సార్, ఉన్నరా? సార్?" అంటూనే ఉన్నాడు. మళ్ళీ మీట నొక్కేసరికి, "ఆ, వచ్చింది, బొమ్మ వచ్చింది" అన్నాడు.

ఇంకేమైనా సహాయం కావాలా అండి అని చివర్లో అడగాలి. అడిగాను.

"ఏం వద్దు సార్. మీరు తిన్నరా?"

తిన్నానన్నాను. తినలేదు.

"మీ అమ్మనాయిన యాడుంటరో. ఫోన్ చేస్తుండున్రి సార్. వాళ్ళు సక్కగ మాట్లాడకపోయినా చెయ్యున్రి."

పెట్టేశాడు. శనివారం పద్మ మేడం పిలిచి మార్కుల కాగితం చూపించింది. అన్ని కాల్స్ పోయి ఆ కాలే ఆమె చేతికి దొరికింది. మౌనంగా ఉన్నందుకు కోత. పేరు ఒక్కసారి కూడా పలకనందుకు సున్నా. "మల్లయ్య గారూ అనడానికి నీకేమయింది, కిరణ్?" అని అడిగింది. "ఆయన మా నాయిన, మేడం. మల్లయ్య గారూ అని ఎట్ల పిలవాలె?" అన్నాను, మార్కులు కోసే మాటలోనే. ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది. సున్నా మార్చడం తన చేతిలో లేదంది. ఆ రికార్డు మూడు నెలలుంటుంది, తర్వాత చెరిపేస్తారు, వినాలనిపిస్తే రమ్మంది. ఇప్పటికి రెండుసార్లు విన్నాను.

ఆదివారం ఇంటికి ఫోన్ చేశాను. నాయిన "తిన్నవా? ఆ. మీ అమ్మకిస్తున్న" అన్నాడు. ఎప్పటి మాటే. ఈసారి నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. నీకు దాచేదేముంది, అక్కా. ఆయన రమ్మంటే ఈ రాత్రికే బస్సెక్కుతాను. ఆయనకు నా సంగతి బాగా తెలుసు.

నాకోసం ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం సూర్యాపేటలో బస్సు మారి ఇంటికి పో. నాయిన కాలు చూడు, ముల్లు పూర్తిగా రాకపోతే దవాఖానకు తీసుకుపో. అమ్మకు నా దండాలు చెప్పు. చిన్నాయనకూ చిన్నమ్మకూ కాళ్ళు మొక్కానని చెప్పు. బావను చల్లగా చూసుకో, బుజ్జిదానికి నా తరఫున ఒక ముద్దు. ఇంతవరకు రాసిందంతా నీ ఒక్కదానికే. ఆ వెనక పేజీ విడిగా రాశాను. దాన్ని మాత్రం నాయిన పక్కన కూర్చుని గట్టిగా చదువు. మన మాటల్లోనే రాశాను, మార్చకుండా చదువు.

నీ తమ్ముడు,
సైదులు


నాయినా,

కాలు ఎట్లుంది? బొమ్మ మంచిగ వస్తున్నదా? ఆ పొద్దు ఫోన్ల నీతోని మాట్లాడిన సారు ఎవరో కాదు, నేనే. నన్ను తిట్టకు. చెప్దామనుకున్న, చెప్పరాలే. నువ్వు చెప్పిందంత ఇన్న.

నేను మంచిగున్న నాయినా. ఇప్పుడు ఏడుస్తలేను. పని అలవాటైంది, తిండి గూడ అలవాటైంది, దోస్తులు దొరికిన్రు. మంగళవారం మంగళవారం సినిమాకు పోతున్న. నువ్వు వచ్చెయ్ అన్నా నేను రాను. ఒట్టు. పదిసార్లు అను, రాను.

గందుకని ఈ ఆదివారం ఫోన్ అమ్మకియ్యకు.

నీ కొడుకు,
సైదులు