సైకిలు మెడలో కిర్రు

పూజ్యురాలైన అమ్మమ్మకు,

నీ మనవరాలు పిట్ట నమస్కరించి రాసేది. నేను క్షేమం. పోటీలో పడి విరగ్గొట్టుకున్న భుజం ఎముక పూర్తిగా అతుక్కుందని డాక్టరు చెప్పాడు. కాలేజీ సైకిలు జట్టులోకి మళ్ళీ రమ్మని కోచ్ సార్ పిలుస్తున్నారు.

నీ ఇంట్లో వదిలి వచ్చిన నా సైకిలు గురించే ఈ ఉత్తరం. ఫోనులో మొదలుపెడితే "యంత్రాల విషయం నోటిమాటగా వద్దు, రాసి పంపు" అని పెట్టేశావు కదా. కాలేజీకి బయలుదేరే ముందు దాన్ని ఎక్కి చూశాను. హ్యాండిలు మీద బరువు వేసినప్పుడల్లా మెడ దగ్గర కిర్రుమంటోంది. కార్బన్ సైకిలు కదా, ఆ చప్పుడుతో తొక్కడం ప్రమాదం. ఎవరికైనా చూపించు. కిర్రు పోయేదాకా పంపవద్దు. తొందరేమీ లేదు.

నీ ముద్దుల మనవరాలు,
పిట్ట

తా.క. నిజంగానే తొందర లేదు.

*

చిరంజీవి పిట్టకు,

అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరంలో తేదీ లేదు. "తొందర లేదు" అన్న మాట రెండుసార్లు ఉంది. ఒకసారి రాస్తే అర్థమయ్యే వయసు నాకు ఎప్పుడో వచ్చింది.

సైకిలును వీధి చివరి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను ఒక చేత్తో పైకెత్తి చూసి, "అమ్మగారూ, ఇది సైకిలేనా, సైకిలు బొమ్మా?" అన్నాడు. తర్వాత వేలితో కొట్టి చూశాడు. "ఇనుము కాదు, అల్యూమినియం కాదు. మరేంటమ్మా?"

"కార్బన్."

"అంటే బొగ్గా?"

"చదువుకున్న బొగ్గు" అన్నాను. అతను తల ఊపి, పెట్టెలోంచి సుత్తి తీశాడు. నేను సైకిలు తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ పని నేనే చేస్తాను. మిల్లులో పద్దులు రాసినన్నాళ్ళూ సైకిలు మీదే వెళ్ళాను, గొలుసు నేనే ఎక్కించుకున్నాను. ఏది ముందు విప్పాలో, ఏది తర్వాత బిగించాలో వరుసగా రాసి పంపు. "అలా అలా", "కొంచెం" లాంటి మాటలు వద్దు.

ఇట్లు,
లెక్క తప్పని అమ్మమ్మ

తా.క. మెకానిక్ మంచివాడే. సుత్తి కూడా మంచిదే. రెండూ మన సైకిలుకు వద్దు.

*

పూజ్యురాలైన అమ్మమ్మకు,

నమస్కారాలు. తేదీ కవరు మీద వేశాను, చూడు.

నువ్వు చేస్తానంటే ఆపగలిగేవాళ్ళు ఇంట్లో లేరు కాబట్టి రాస్తున్నాను. నా గదిలో నీలం సంచిలో బోల్టులు విప్పే ఎలెన్ కీలు, గ్రీజు డబ్బా, బిగింపు కొలిచే టార్క్ రెంచి ఉన్నాయి. హ్యాండిలును పట్టుకునే ముక్కకు పక్కన రెండు బోల్టులుంటాయి. ముందు అవి వదులు చెయ్యి. తర్వాత పైమూత బోల్టు తియ్యి. హ్యాండిలు పైకి వచ్చి తీగలకు వేలాడుతుంది, కంగారు పడకు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును మాత్రం వదలకు, జారి కింద పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి గుండ్రటి బేరింగులు వస్తాయి. వాటినీ, అవి కూర్చునే చోటునూ శుభ్రంగా తుడిచి, పల్చగా గ్రీజు రాసి, ఏది ఎటు తిరిగి ఉందో అటే పెట్టు. ఫోర్కు గొట్టం కార్బనే. హ్యాండిలు ముక్క దాన్ని పట్టుకునే చోట గ్రీజు తగలకూడదు.

బిగించేటప్పుడు ముందు పైమూత, హ్యాండిలు ఊగకుండా, అయినా తేలిగ్గా తిరిగేలా. చివర్లో పక్క బోల్టులు, టార్క్ రెంచితోనే. దాని అంకె ఐదు దగ్గర పెడితే, చాలినంత బిగియగానే టక్కుమంటుంది. టక్కుమన్నాక ఇంకొక్క పిసరు కూడా తిప్పకూడదు. కార్బన్ పగిలిపోతుంది.

నీ మనవరాలు,
పిట్ట

తా.క. గ్రీజు అయిపోతే వంటనూనె రాయకు. నిన్ను అనడం లేదు, అమ్మ ఒకసారి రాసింది.

*

చిరంజీవి పిట్టకు,

ఆశీస్సులు. నీ వివరణ బాగుంది. "కంగారు పడకు" అన్న చోట మాత్రం సిరా వృథా చేశావు.

భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, విప్పినవాటిని విప్పిన వరుసలోనే పెట్టాను. పై బేరింగు ఎండిపోయి ఉంది. దాని చుట్టూ రోడ్డు మీది ఇసుక. నువ్వు పడ్డ రోజుదే అయి ఉంటుంది. తుడిచి, గ్రీజు రాసి, నువ్వు చెప్పినట్టే బిగించాను. ఆ రెంచి నాకు చాలా నచ్చింది. ఇంతవరకు చాలు అని తానే చెప్పి ఆగిపోయే వస్తువు ఈ ఇంట్లో అదొక్కటే.

కిర్రు పోయిందో లేదో తెలియాలంటే ఎవరైనా ఎక్కి తొక్కాలి కదా. నువ్వు వానాకాలంలో ఇంట్లోనే తొక్కడానికి వాడే స్టాండు హాల్లో గోడకు ఎదురుగా వేసి, సైకిలును దానికి బిగించాను. కింది వాటా దర్జీని పిలిచాను. అతను చుట్టూ తిరిగి చూసి, "తొక్కడం నాకు రోజూ పనేనండీ. కానీ తొక్కితే గుడ్డ కుట్టాలి. దీనికి సూదెక్కడ?" అని వెళ్ళిపోయాడు.

అందుకని నేనే ఎక్కాను. కిర్రు ఇంకా ఉంది.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. నీ పాత ట్రాక్ ప్యాంటు నాకు సరిపోయింది. పొడవు ఎక్కువైతే దర్జీ కత్తిరించాడు. సూది ఉన్న పని అనేసరికి పరిగెత్తుకొచ్చాడు.

*

పూజ్యురాలైన అమ్మమ్మకు,

నమస్కారాలు. నువ్వు ఎక్కావా? ఎలా ఎక్కావు? అంతకంటే ముఖ్యం, ఎలా దిగావు? అమ్మకు తెలిస్తే నన్ను బతకనివ్వదు.

కిర్రు ఇంకా ఉందంటే మాత్రం పంపవద్దు. ఈ చప్పుళ్ళు ఒకచోట పుట్టి ఇంకోచోట వినిపిస్తాయి. సీటు కింద గొట్టం తీసి తుడువు. తర్వాత పెడళ్ళు. తర్వాత నీళ్ళసీసా పెట్టుకునే చట్రం బోల్టులు. ఒక్కొక్కటే చెయ్యి, అన్నీ ఒకేసారి వద్దు. ఎన్నాళ్ళైనా పట్టనీ. బండి రిపేరులో ఉందని కోచ్ సార్‌కు చెప్పాను.

నీ మనవరాలు,
పిట్ట

తా.క. చక్రాల గాలి కూడా చూడు. అవసరమని కాదు, ఎందుకైనా మంచిది.

*

చిరంజీవి పిట్టకు,

ఆశీస్సులు. సీటు గొట్టం చూశాను. కిర్రు ఉంది. పెడళ్ళు చూశాను. ఉంది. సీసా చట్రం చూశాను. ఉంది, కానీ ఎక్కగానే వినిపించడం లేదు. బాగా చెమట పట్టేదాకా తొక్కితేనే బయటికి వస్తోంది. అందుచేత రోజూ పొద్దున్నే అంతసేపు తొక్కి పరీక్షించవలసి వస్తోంది. ఏం చేస్తాం, పని ఒప్పుకున్నాక తప్పదు.

పై వాటా ఆవిడ తలుపు కొట్టి, "ఏమండీ, పొద్దున్నే గిర్రున చప్పుడు. పిండిమర పెట్టారా?" అని అడిగింది. గొడవెందుకని అవునన్నాను. మర్నాడు గిన్నెతో గోధుమలు పట్టుకుని వచ్చింది. ఇప్పుడు రోజూ ఆవిడ తెచ్చినవి నిజం మరకు పంపి పట్టించి ఇస్తున్నాను. పిండి చాలా మెత్తగా ఉందని మెచ్చుకుంటోంది.

డాక్టరు నా రక్తపోటు చూసి రెండోసారి కొలిచాడు. "బాగా తగ్గిందే! మందేమైనా మార్చారా?" అన్నాడు. "గ్రీజు" అన్నాను. చీటీ మీద రాసుకోలేదు.

ఇట్లు,
పరీక్షల్లో తలమునకలైన అమ్మమ్మ

తా.క. ఎడమచేతి మీట నొక్కితే కొండ ఎక్కుతున్నంత బరువవుతోంది. కుడిచేతిది నొక్కితే తేలికవుతోంది. ఇది కిర్రుకు సంబంధించిన విషయం కాదు. ఊరికే చెబుతున్నాను.

*

అమ్మమ్మా,

ఈ ఉత్తరంలో తప్పులుంటే క్షమించు.

వచ్చే వారం జట్టు ఎంపిక పోటీ. ఆలోగా బండి రాకపోతే నా చోటు ఇంకో అమ్మాయికి ఇస్తానని కోచ్ సార్ చెప్పేశారు. సరే సార్, బండి పగిలిందేమో అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. గదికి వచ్చి ఏడ్చాను.

కిర్రు ఉన్న మాట నిజమే. కానీ అది వినగానే నాకు కోపం రాలేదు అమ్మమ్మా, హాయిగా అనిపించింది. తొక్కకుండా ఉండడానికి ఒక కారణం దొరికింది కదా అని. నువ్వు ఇంకా ఉందని రాసినప్పుడల్లా ఆ రాత్రికి నిద్ర పట్టేది. పాపం, నువ్వేమో ఈ వయసులో నా కోసం రోజూ ఎక్కి దిగుతున్నావు.

నాకు భయం. పోటీ పెట్టింది నేను పడిన దారిలోనే. కళ్ళు మూసుకుంటే ఆ మలుపు, ఆ ఇసుక. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. సైకిలు అమ్మెయ్యి.

పిట్ట

*

చిరంజీవి పిట్టకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ తప్పులు దిద్దడం మరిచిపోయాను.

నువ్వు నిజం రాశావు. ఇక నా వంతు. కిర్రు మొదటి రోజే పోయింది.

గ్రీజు రాసి, బిగించి, ఎక్కి తొక్కితే చప్పుడే లేదు. దిగి నీకు ఆ మాటే రాయాలి. దిగబుద్ధి కాలేదు. గోడకు ఎదురుగా, అంగుళం కదలని సైకిలు మీద కూర్చుని, ఎన్నేళ్ళ తర్వాతో ఎక్కడికో పోతున్నట్టు అనిపించింది. బాగైందని రాస్తే పంపమంటావు. అందుకని ఉందని రాశాను. ఆ తర్వాత పెడళ్ళలో ఉందన్నాను, సీసా చట్రంలో ఉందన్నాను. నువ్వు కిర్రు పోకుండా ఉంటే బాగుండునని చూశావు, నేను అది పోయిందని నీకు తెలియకుండా ఉంటే బాగుండునని చూశాను. లేని చప్పుడును ఇద్దరం కలిసి బాగానే పోషించాం.

ఇంకొకటి ఉంది. మీ అమ్మకు చెప్పకు. హాలు చాలక, పోయిన వారం సైకిలును రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. గోదాము వెనక మలుపులో పడ్డాను. ఎముకలన్నీ ఉన్నాయి, మోచెయ్యి గీసుకుపోయింది. సైకిలుకు గీత కూడా పడలేదు, దాని కింద నేనున్నాను.

మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడు ప్యాంటు వేసుకుని, తలుపు దాకా వెళ్ళి, గడియ తియ్యకుండానే తిరిగి వచ్చాను. అందుకని భయపడకు అని నీకు రాయను. ఆ తర్వాత ఒకరోజు వెళ్ళి, మలుపు రాగానే దిగి నడిచాను. దాటాక మళ్ళీ ఎక్కాను. ఇవాళ దిగలేదు. చాలా నెమ్మదిగా తిప్పాను. వెనకాల వచ్చిన పాలవాడు, "త్వరగా పోండి మామ్మగారూ, పాలు విరిగిపోతాయి" అన్నాడు. అననీ.

సైకిలును ఇవాళే పార్సిలులో పంపుతున్నాను. బోల్టులన్నీ టక్కుమనేదాకానే బిగించాను. మీ కోచ్ గారికి కూడా విడిగా రాశాను. బండి పగలలేదనీ, అది ఎప్పుడో బాగైందనీ, ఇన్నాళ్ళూ పంపకుండా నేను తొక్కుకుంటున్నాననీ, ఆలస్యానికి బాధ్యత పూర్తిగా నాదేననీ. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. నీ భయం సంగతి రాయలేదు. అది నీది, చెప్పుకోవాలనుకుంటే నువ్వే చెప్పుకో.

తొక్కుతావా లేదా అన్నది నీ ఇష్టం. తొక్కనంటే నేను ఒక్క మాట అనను. కానీ అమ్మడం మాత్రం కుదరదు. వెంటనే తిరిగి పంపు, నాకు కావాలి.

ఇట్లు,
మోచేతికి కట్టుతో,
అమ్మమ్మ

తా.క. పోటీ రోజున నువ్వు పడిన మలుపులో ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడతాను. ముందు రోజే వచ్చి అక్కడి ఇసుక ఊడుస్తాను, చీపురు సంచిలో పెట్టుకున్నాను. దిగాలనిపిస్తే దిగు, ఇద్దరం నడిచే దాటుదాం. దిగకుండా పోయావంటే మాత్రం చెయ్యి ఊపకు. రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉంచు.