బావ వల వేసిన చోటు

శుక్రవారం, బందరు

గిలకలదిండి రేవు పడవలవాళ్ళకు నేను చేసిచ్చిన వెబ్‌సైట్‌లో ఎవరి చేపల వేట రిపోర్టు వాళ్ళకే కనబడాలి. ఈరోజు పడవ నడిపే సరంగు ఏసోబు ఫోన్ చేసి నవ్వాడు.

"మేడమ్ గారూ, లింకు చివర నా పడవ నంబరు తీసేసి మా బావది కొట్టానండీ. ఆయన వల ఎక్కడేశాడో మ్యాపులో వచ్చేసింది. ఇన్నేళ్ళు అడిగినా ఆయన చెప్పలేదు, మీరు చెప్పేశారు."

లాగిన్ అయితే చాలనుకున్నాను. అడిగిన రిపోర్టు లాగిన్ అయినవాళ్ళదేనా అని సర్వర్ చూడనే లేదు. సాయంత్రానికి సరిచేశాను. అయినా కళ్ళు మూస్తే నీలం మ్యాపు మీద వల చోటు చూపే ఆ చుక్క దీపంలా ఊగుతోంది. ఏసోబు బావగారికి చెబితే వాళ్ళింట్లో గొడవ. చెప్పకపోతే, తెల్లారి ఆయన వెళ్ళేసరికి అక్కడ ఏసోబు పడవ ఉంటుందేమో.

బావగారి ఫోన్ నంబరు తీసి పెట్టుకున్నాను. "తప్పు నాదండీ" అని మొదలుపెట్టాలి. ఆ తర్వాత, చూసిందెవరో ఎలా చెప్పాలి...