శ్రావణానికి జరిపింది నేనే

కొత్తవాడ, ఆషాఢం, బుధవారం రాత్రి

మా ఆయన దగ్గు తగ్గిందా? జర నయమే. కోడలి నడుము? ఈ రోజు మగ్గం మీద కూర్చోగలిగింది. ఏటూరునాగారంలో కూతురు సరోజకు జ్వరం దిగిందో లేదో. మనవడు శంకర్‌కు ఏ రోగమూ లేదు, నా ఫికరంతా వాడి గురించే.

వాడూ కాలేజీ దోస్తులూ లారీ ట్యూబులకు వెదుళ్లు కట్టి తెప్ప చేసి, గోదావరిలో బండల మీద నీళ్లు ఎగిరిపడే చోట్లు దాటుకుంటూ ఏటూరునాగారం దాకా పోతారట. వద్దంటే చెప్పకుండా పోతాడని నా భయం. అందుకే పొద్దున, "ఆషాఢంల కొత్త పని మొదలుపెట్టద్దు బిడ్డా, శ్రావణం రానియ్యి" అన్నాను. అప్పటికి మర్చిపోతాడనుకున్నాను.

సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. "నాయినమ్మా, నువ్వు చెప్పిందే మంచిగుంది. గిప్పుడు నీళ్లు తక్కువ. శ్రావణంల వానలకు గోదారి మస్తు దుంకుతది. అందరం నీ మాటే ఖాయం చేసినం."

"గట్లయితే అసలే పోవద్దురా!"

"ముహూర్తం పెట్టింది నువ్వే, ఇగ ఆపేది గూడ నువ్వేనా?" అని ఆయన కూడా నవ్వాడు.

వానల సంగతి ఆలోచించకుండా నోరెందుకు జారిందో. ఇప్పుడు ఏమన్నా ముసలిదాని చాదస్తమంటారు. పైగా ట్యూబులు కట్టే తాడు జంపఖానా నూలుతో పేనమని నాకే అప్పగించాడు. నేను పేనకపోతే ఏ పాత తాడో కడతాడు. రెండు పేటలు ఎక్కువే వేస్తున్నాను, అయినా ఆ నీళ్ల ముందు నూలెంత...

దశమి నాడు వాళ్లు ఏటూరునాగారం ఒడ్డు చేరేటప్పుడు నేనక్కడ ఉండాలి. శ్రావణ శుద్ధ దశమికి వస్తున్నానని సరోజకు కబురు పంపాను.