మంగవ్వను అన్న మాటలు

అమీర్‌పేట,
12 మార్చి 2002

అమ్మా,

హైందవికి దగ్గు తగ్గింది, బెంగపడకు. టేబుల్ ఫ్యాను వెనకవైపు పాత పంచె గుడ్డ రెండు మడతలు వేసి కట్టారు మీ అల్లుడు. గాలిలో దుమ్మంతా దానికే పట్టుకుంటోంది. రోజూ విప్పి ఉతుకుతున్నాను.

ఒక తప్పు చేశాను, నీకు కాక ఎవరికి చెప్పుకోను? మెట్లు ఊడ్చే మంగవ్వ వల్లే దుమ్ము ఇంట్లోకి వస్తోందని అందరి ముందూ నానా మాటలూ అన్నాను. ఆమె తలొంచుకుని వెళ్లిపోయి మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ గుడ్డ ఇంకా నల్లబడింది. దుమ్ము పక్కన కడుతున్న మేడదమ్మా. ఆమె రోజూ నీళ్లు చల్లి ఊడ్చబట్టే అంతమాత్రమైనా ఆగింది.

నిన్న యూసుఫ్‌గూడలో వాళ్ల గదికి వెళ్లి, "తప్పయిపోయింది మంగవ్వా" అన్నాను.

"గదంత ఎందుకమ్మా, పాపకు దగ్గు తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందని, ఫ్యానుకు గుడ్డ కట్టిన సంగతీ చెప్పాను. "జర గా పంకకు గుడ్డ ఎట్ల కట్టిండ్రో మాకు సుత చూపియ్యుండ్రి. మా పింకీ మస్తు దగ్గుతున్నది" అంది. పింకీ ఆమె మనవరాలు, మన హైందవి ఈడుదే. రెండేళ్లుగా ఆమెను చూస్తున్నా, ఆ పిల్ల ఉందనే నాకు తెలియదు.

బుల్లబ్బాయి మామయ్య వచ్చేటప్పుడు నాన్నగారి పాత పంచెలు నాలుగు పంపు, మంగవ్వ వాళ్ల ఫ్యానుకీ కట్టిస్తాను. చిరుగులు లేనివి చూసి పంపు. నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆయనకు నా నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

పొద్దున మంగవ్వ పనిలోకి వచ్చింది. చీపురు చప్పుడు వింటూ, తలుపు తీయడానికి సిగ్గుపడి కాసేపు లోపలే నిలబడ్డాను.

నీ నాగేశ్వరి