పెద్దమ్మ కారు మూలుగుతోంది

హెస్టోయ దీవి, ఏప్రిల్ 7

చిరంజీవి సోండ్రేకి, పెద్దమ్మ గున్‌వోర్ వణుకుతూ దీవించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. కారు క్షేమం కాదు. పిల్లిలా చప్పుడు చెయ్యదని నువ్వు దగ్గరుండి కొనిపించిన ఎలక్ట్రిక్ కారు, వారం నుంచి ఆపబోతే చాలు, ఈనబోయే ఆవులా మూలుగుతోంది. అదీ ఎక్కడ? సరిగ్గా డాక్టర్ ఆస్లాక్ ఇంటి మలుపులో!

ఈ నెల ఇరవై రెండున ఆయన నన్ను పరీక్షిస్తాడు. ఎనభై ఏళ్లు నిండాయి కదా, ఆయన సంతకం లేకపోతే నా లైసెన్సు అంతే. ఈ దీవిలో నలభై ఏళ్లు కారులో టపా పంచినదాన్ని. దుకాణం పదకొండు కిలోమీటర్లు, బస్సు లేదు. "సొంత కారు ఏడుస్తున్నా వినపడని ముసల్ది" అని ఆయన రాసేస్తే నా గతేంటి? రహస్యంగా ఓ మందు చెప్పు.

నీ పెద్దమ్మ,
గున్‌వోర్

తా.క. ఫోను చెయ్యకు, ఎత్తను. పక్కింటి బెర్‌గ్లియోత్ చెవులకి గోడలు లెక్కలేదు.


ఓలెసున్, ఏప్రిల్ 9

మహారాజశ్రీ పెద్దమ్మగారికి, గ్రీజు చేతులు తుడుచుకుని మరీ నమస్కరించి, మెకానిక్ సోండ్రే విన్నవించేది.

రోగి వివరాలు చదివాను. ఇనుము మీద ఇనుము గీసినట్టు కీచుమంటే బండి కదపకు, అది వేరే జబ్బు. ఉత్త మూలుగే అయితే భయం లేదు, తుప్పు. నువ్వు యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే మోటారే బండిని నెమ్మది చేసి, ఆ ఊపుని బ్యాటరీలో దాచుకుంటుంది. బ్రేకులకి పనేముంది? పనిలేని గుమాస్తాకి పొట్ట వస్తుంది, పనిలేని బ్రేకు పళ్లేనికి, అదే చక్రంలోని ఇనప డిస్కుకి, తుప్పు వస్తుంది. పైగా మీ దీవిలో గాలి కూడా ఉప్పే.

చికిత్స: ఖాళీ రోడ్డు చూసుకుని, కాస్త వేగం అందుకుని, బ్రేకు గట్టిగా తొక్కి ఆపు. అలా పదిసార్లు. తుప్పు రాలిపోతుంది.

విధేయుడు,
సోండ్రే

తా.క. వెనక ఎవరూ లేకుండా చూసుకో. నా చదువు మీద నీకు నమ్మకం లేదని తెలుసు, అద్దం మీదైనా ఉంచు.


హెస్టోయ దీవి, ఏప్రిల్ 13

చిరంజీవి సోండ్రేకి, పరువు పోయిన పెద్దమ్మ రాసేది.

నువ్వు చెప్పినట్టే నిన్న ఆదివారం పదిసార్లు తొక్కాను. రోడ్డు ఖాళీయే. రోడ్డు పక్క కిటికీలు ఖాళీ కావని నాకు తోచలేదు.

మన దీవి మర్యాద నీకు తెలుసుగా, ఎవరూ ఏమీ అడగరు, జాలిపడి తినడానికి పంపిస్తారు. సాయంత్రానికి ఏడు ఇళ్ల నుంచి తీపి అట్లు, వాఫిళ్లు, వచ్చాయి. మా ఆయన పోయినప్పుడు కూడా అయిదిళ్లే పంపారు! బెర్‌గ్లియోత్ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఏమే గున్‌వోర్, దారిలో ఏమైనా అడ్డొచ్చాయా?" అంది.

"గొర్రెలు" అన్నాను.

"మే నెల దాకా గొర్రెలన్నీ కొట్టాల్లోనే ఉంటాయి కదమ్మా" అంది, ఎంతో జాలిగా.

లేని గొర్రెల కోసం పదిసార్లు బండి ఆపినదాన్నయిపోయాను. మాట డాక్టరు దాకా వెళ్లిపోయి ఉంటుంది. రాత్రి నిద్ర లేదు, వాఫిళ్లు అరగలేదు.

నీ పెద్దమ్మ

తా.క. మూలుగు సగం తగ్గింది. మిగతా సగానికి నా దగ్గరే మందుంది. కీళ్లు పట్టేస్తే కాడ్ చేప నూనె తాగమని మా అమ్మ చెప్పేది. పరీక్షకి ముందురోజు ఆ పళ్లేలకి శుభ్రంగా పట్టిస్తాను.


ఓలెసున్, ఏప్రిల్ 16

పెద్దమ్మా!

వద్దు! నమస్కారాలు తర్వాత. బ్రేకులకి నూనె రాయకు! చేప నూనె, వంట నూనె, దేవుడిచ్చిన ఏ నూనె కూడా వద్దు! బ్రేకు పట్టుకునేదే రాపిడితో. నూనె రాస్తే అరవదు, నిజమే. ఆగదు కూడా!

ఇప్పటికే రాసేసి ఉంటే తాళంచెవి పిండి డబ్బాలో పడేసి కూర్చో. పద్నాలుగుసార్లు ఫోను చేశాను, నీ పంతం నీదే. గురువారం, ఇరవై మూడున, రిపేరు సామానుతో పడవెక్కుతున్నాను.

సోండ్రే

తా.క. పరీక్ష బుధవారమని ఇప్పుడే గుర్తొచ్చింది. అంతకుముందు నాకు సెలవు లేదు, ఈ ఉత్తరమే పరుగెత్తాలి.


హెస్టోయ దీవి, ఏప్రిల్ 22

చిరంజీవి సోండ్రేకి, గుండె దడ తగ్గాక పెద్దమ్మ రాసేది. రేపు నువ్వు వచ్చేదాకా ఆగలేక, రేవులోనే నీ చేతికివ్వడానికి రాస్తున్నాను.

గాలికి నాలుగు రోజులు టపా పడవ రాలేదు. నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నూనె నిన్న సాయంత్రమే రాశాను, నాలుగు చక్రాలకీ. చదువుతుండగానే తలుపు చప్పుడు. డాక్టర్ ఆస్లాక్! నడిచి వచ్చాడు.

కళ్లు చూశాడు, చెవులు చూశాడు, వెనక్కి లెక్కపెట్టమన్నాడు. అంతా బాగుందన్నాడు. తర్వాత కిటికీలోంచి కారు చూస్తూ, "గొర్రెల సంగతి విన్నానమ్మా. పద, నన్ను రేవు దాకా దింపు. నువ్వు నడిపేది నా కళ్లతో చూసి సంతకం పెడతాను" అన్నాడు.

దారంతా పల్లం, చివర సముద్రం. ఒరే, తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను కూడా. ఒక్కసారి, మెల్లగా వెళ్తే ఏమవుతుందిలే అనిపించింది. చెయ్యి ఆడలేదు.

"ఇవాళ నేను నడపను డాక్టరూ. బ్రేకులకి చేప నూనె రాశాను" అని మూలుగూ, పదిసార్లూ, అబద్ధపు గొర్రెలూ మొత్తం చెప్పేశాను. ఇక లైసెన్సు పోయినట్టేనని కుర్చీలో కూలబడ్డాను.

ఆయన కిటికీలోంచి మళ్లీ కారు వంక చూశాడు. తర్వాత కలం తీశాడు. "ఎనభై దాటినవాళ్లందరూ నాతో 'నాకేం, నడుపుతా' అంటారు. 'ఇవాళ నడపను' అన్నది నువ్వొక్కదానివే" అని సంతకం పెట్టాడు.

నీ పెద్దమ్మ, లైసెన్సుదారు,
గున్‌వోర్

తా.క. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి, "ఆ పదిసార్లు తొక్కడం ఏ వేగంలో?" అని అడిగాడు. ఆయన కారూ చలికాలం నుంచి అరుస్తోందిట! పరువు పోతుందని షెడ్డులో దాచి, రోగుల ఇళ్లకి నడిచి వెళ్తున్నాడు. డాక్టరే నడుస్తున్నాడంటే ఎంత మంచిదో అని, ఆయన్ని చూసి దీవిలో పదకొండు మంది నడక మొదలుపెట్టారు, బెర్‌గ్లియోత్‌తో సహా. ఆవిడ నడుము నాలుగంగుళాలు తగ్గింది. కాబట్టి రేపు నా కారు త్వరగా బాగుచెయ్యి. ఆయన తన కారూ చూడమంటే మాత్రం, విడిభాగాలు రాలేదని చెప్పు.