శనివారం ఎండ ఎక్కువ

అమ్మడూ,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. క్షేమమంటే ముగ్గురం వేళకి తింటున్నాం, ఎవరికీ జ్వరం లేదు. అంతకుమించి అడక్కు.

నీ ఉత్తరం నిన్న అందింది. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని రెండుచోట్ల అడిగావు, రెండోచోట కింద గీత కూడా గీశావు. ఫోన్లో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు పది అంటావు, ఆపైన ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను చెప్పాలనుకున్నది మింగేస్తాను. కాగితం నయం, ఎదురు చెప్పదు. ఓపిగ్గా వరసగా చదువు. ఏది చేతికొచ్చినా చివరి పేజీ ముందు తిప్పే నీ పాడు అలవాటు ఈ ఒక్కసారికి మానుకో.

నా మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. మోకాళ్లకి నా వయసు గుర్తుంది, నోటికే లేదు. మీ అమ్మ రోజూ ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తోంది. ఇంజెక్షన్ చేయించుకోవడానికి వచ్చినవాళ్లు చెయ్యి చాపి, "పేపర్లో మీవారి గురించి రాసింది నిజమేనా సిస్టర్?" అంటున్నారట. చేతిలో సూది ఉన్న మనిషిని అలా అడగాలంటే ఎంత గుండె ధైర్యం ఉండాలో చూడు. ఇంటికొచ్చాక మీ నాన్నతో ఆమె మాటలు "గ్యాస్ కట్టేశారా", "తలుపు గడియ పెట్టారా" దగ్గరే ఆగిపోతున్నాయి.

ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు సస్పెండ్ చేసినప్పటి నుంచి మీ నాన్న గడప దాటలేదు. గిన్నెలు తోముతున్నాడు. మైదానమంతా పదకొండుమందిని పరిగెత్తించిన మనిషికి ఇప్పుడు గరిటెలూ మూకుళ్లే జట్టు. తోమినవే మళ్లీ తోముతుంటే నేనే ఆపాను, అడుగులు అరిగిపోతాయని.

సంగతి బయటపడిన రోజు ఇక్కడ ఎలా ఉండిందో అడిగావు. సొంత జట్టు ఓడిపోతుందని కోచ్ తన స్నేహితుడి ఫోన్లోంచి రెండు మ్యాచ్‌ల మీద పందెం కాశాడని, విచారణ జరుగుతోందని పేపర్లో వచ్చింది. మన వీధిలో ఆ రోజు ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. మంగలిషాపులో అద్దం పైన మీ నాన్న ఫోటో ఉండేది కదా, దాన్ని మంగలి గోడవైపు తిప్పేశాడు. క్షవరానికి కూర్చున్నవాళ్లంతా ఫోటో వెనక అట్టనే చూస్తూ కూర్చున్నారట. మ్యాచ్‌ల్లో డప్పు వాయించే ఎలక్ట్రీషియన్, అదే మనమంతా డప్పు అని పిలిచేవాడు, తన డప్పుని మంచం కిందకి నెట్టేశాడు. మర్నాటికి మైదానం ప్రహరీ మీద ఎర్ర రంగుతో మీ నాన్న గురించి ఒక మాట వెలసింది. నువ్వు ఫోటోలో చూశావన్నావు కాబట్టి మళ్లీ రాయను. అందులో అక్షరదోషం ఉంది. నా దగ్గర చదువుకున్నవాడెవడో రాసి ఉంటాడు, అదొక సిగ్గు.

ఇక నువ్వు అన్నిటికంటే ముందు అడిగినది. "నాన్న గురించి నేను రాసి పంపిన కాగితం అందరిముందూ చదివావా అమ్మమ్మా? నీ గొంతుతో చదివితే నమ్ముతారు. నమ్మారా?"

చదివాను. నమ్మారు.

టైలరు దుకాణం వెనక గదిలో, జెండాలు కుట్టే మిషను పక్కన, అభిమాన సంఘం వాళ్లంతా కూర్చున్నారు. నాకు కుర్చీ వేశారు, కింద మెత్త కూడా వేశారు. నేను క్లాసులో పాఠం చదివినట్టే నిలబడి చదివాను. నువ్వు చిన్నప్పటి సంగతి రాశావు చూడు. స్కూలు మ్యాచ్‌లో బంతి నీ చేతికి తగిలి గోల్ అయితే, రిఫరీ చూడకపోయినా మీ నాన్న మైదానంలోకి పరిగెత్తి, "మా అమ్మాయి చెయ్యి తగిలింది సార్, గోల్ ఇవ్వకండి" అన్నాడని, నువ్వు అలిగి అన్నం మానేశావని. అక్కడికొచ్చేసరికి డప్పు ముక్కు చీదుకున్నాడు.

"చూశార్రా!" అన్నాడు టైలరు. "కన్నకూతురి గోలే ఒప్పుకోని మనిషి మ్యాచ్ అమ్ముకుంటాడట్రా?"

"నేనప్పుడే అనలా?" అన్నాడు మంగలి.

"నువ్వేమన్నావయ్యా? ఫోటో గోడకి తిప్పిందే నువ్వు కదా!"

"దుమ్ము పడుతుందని తిప్పానండీ."

అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ గదిలో నవ్వు. టైలరు నా చేతులు పట్టుకుని, "టీచరమ్మా, మమ్మల్ని క్షమించాలి" అన్నాడు. శనివారం మ్యాచ్‌కి నువ్వొస్తున్నావని, "మా నాన్న నిర్దోషి" అని రాసిన గుడ్డ పట్టుకుని స్టాండులో నిలబడతావని చెప్పాను. అప్పటికప్పుడు కొలత తీసుకుని తెల్లగుడ్డ కత్తిరించాడు. చదువుతున్నంతసేపూ నా గొంతు ఎక్కడా వణకలేదు. ఆ ముక్క గుర్తుపెట్టుకో.

గోడ తుడిచారా అన్నావు. తుడిచారు, సున్నం వేశారు. ఆ సున్నం మీద గోల్‌కీపర్‌ని తిడుతూ రాశారు.

ఎలాగంటావా? ఆ గదిలో నవ్వులయ్యాక వెనకనుంచి ఎవరో అడిగారు: "మరి సార్ తప్పు లేకపోతే, రెండో మ్యాచ్‌లో మనకి ఆ నాలుగు గోల్స్ ఎలా పడ్డాయంటారు?" డప్పు అందుకున్నాడు, "ఇంకెవరు? ఆ గోల్‌కీపరే అమ్ముడుపోయుంటాడు." అంతే. అభిమానం అంటే అదే కాబోలు, ఒకళ్లమీంచి కోపం దించితే ఇంకొకళ్లమీద పెట్టాలి, కిందపెట్టడం మాకు రాదు. నేను కాగితం మడుస్తూ కూర్చున్నాను.

గోల్‌కీపర్ నీకు తెలుసు, బేకరీలో పనిచేసే పొడుగాటి కుర్రాడు. మొన్న బ్రెడ్డు కోసం వెళ్తే కౌంటర్ దగ్గర లేడు. జనం ఏదో ఒకటి అంటున్నారని యజమాని లోపలే ఉంచుతున్నాడట. నా గొంతు విని పిండి చేతులతో బయటికొచ్చాడు. మణికట్టుకి ఇంకా కట్టు ఉంది.

"టీచరమ్మా, చెయ్యి బెణికిందని ఆ మ్యాచ్‌కి ముందే సార్‌కి చెప్పానండీ" అన్నాడు. "ఏం పర్లేదు, నువ్వే ఆడాలి అన్నారు. నామీద అంత నమ్మకమా అని సంబరపడ్డాను."

నేను పర్సులో చిల్లర వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

"సార్ మంచివారని మీరే చదివి వినిపించారటగా. అయితే ఇక నేనే దొంగనన్నమాట." కోపంగా అనలేదు తల్లీ. అర్థంకాని లెక్కని విద్యార్థి టీచర్‌ని అడిగినట్టు అడిగాడు. ఆపైన లోపలికి వెళ్లి, అప్పుడే పొయ్యిలోంచి తీసినది ఏరి తెచ్చి ఇచ్చాడు. ఇంటికొచ్చేదాకా ఆ బ్రెడ్డు వేడికి నా చెయ్యి చుర్రుమంటూనే ఉంది.

ఇప్పుడు ఒక చోట కూర్చో. నిలబడి చదవకు.

నా కుర్చీ ఎక్కడుంటుందో తెలుసు కదా. కోచ్ బెంచి వెనకాల మొదటి వరస. నువ్వు పుట్టకముందు నుంచీ సొంత మైదానంలో మ్యాచ్ అంటే నేను అక్కడే. "ఒరేయ్, ఎడమపక్క అంత ఖాళీ వదిలేశావు, కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా?" అని నేను అరిస్తే, మీ నాన్న వెనక్కి తిరగకుండా మెడ గోక్కునేవాడు. వినపడిందని గుర్తు. ఎడమపక్కకి ఒకణ్ణి పంపేవాడు. నా క్లాసులో కూర్చున్న కుర్రాడే అల్లుడైతే మీరు, తమరు అనడం నాకు నోరు తిరగలేదు, అతనికీ నేనంటే భయం పోలేదు.

గోల వచ్చిన ఆ రెండు మ్యాచ్‌లకీ నేను వెళ్లలేదు. మొదటిదానికి ముందు, పొద్దున టీ తాగుతూ అన్నాడు: "శనివారం ఎండ ఎక్కువ అత్తయ్యా, మీరు రాకండి." నిజంగానే ఎండలు మండుతున్నాయి. పాపం, పెద్దదాన్నని శ్రద్ధ అనుకుని పొంగిపోయి ఇంట్లో పడుకున్నాను. ఓడిపోయారు. ఓడటం మనకి కొత్తా?

రెండోసారి చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉన్నాను. "ఎండ ఎక్కువగా ఉంది అత్తయ్యా, ఇవాళ వద్దు" అన్నాడు, బూట్ల తాళ్లు కట్టుకుంటూ, తల ఎత్తకుండా. కిటికీలోంచి చూశాను. నల్లటి మబ్బు. గాలి కూడా మొదలైంది.

పిల్లలకి జీవితమంతా పరీక్షలు పెట్టిన దాన్ని. పక్కవాడి కాగితంలోకి చూసేవాడు తల ఎలా వంచుతాడో నాకు ఒకరు చెప్పాలా? పందెం అని తెలీదు, ఒట్టు. కానీ నేను చూడకూడనిదేదో అక్కడ జరగబోతోందని ఆ క్షణాన తెలిసింది. "ఎక్కడిదిరా ఎండ?" అని ఒక్క మాట అడగొచ్చు. ఎవరినైనా ఏదైనా అనేసే నోరు ఇది. చెప్పులు విప్పేసి లోపలికి వచ్చి కూర్చున్నాను.

టైలరూ, డప్పూ, వాళ్లంతా ఆ సాయంత్రం నిలువునా తడిసి మన వీధిలోంచే వెళ్లారు. నాలుగు సున్నా. డప్పు తన వాయిద్యం వానకి నానకుండా చొక్కా విప్పి దానికి చుట్టాడు. నన్ను కిటికీలో చూసి, "మీరు రాకపోవడమే మంచిదైంది టీచరమ్మా!" అని అరిచాడు. నేను చెయ్యి ఊపాను.

అవును తల్లీ, చేశాడు. నువ్వు హాస్టల్లో ఎవరితో పోట్లాడి మాటలు మానేశావో, వాళ్లు చెప్పిందే నిజం. ఇది తెలిసీ తెలిసీ నేను నీ కాగితం అందరిముందూ గొంతు వణకకుండా చదివాను. నీ నిజాయితీని తీసుకెళ్లి మా అబద్ధానికి గొడుగు పట్టాను.

బేకరీ నుంచి వచ్చి మీ నాన్నని వంటగదిలో అడిగాను. "ఆ రోజు నన్నెందుకు రావద్దన్నావురా?"

చాలాసేపు పంపు కట్టెయ్యలేదు. తర్వాత, "మీరు వెనకాల ఉంటే నావల్ల అయ్యేది కాదు టీచర్" అన్నాడు. అత్తయ్యా అనలేదు, టీచర్ అన్నాడు. మొదట వేరేవాళ్ల ఆటల మీద సరదాగా కాశాడట, అప్పుల్లో మునిగాడట, తేలడానికి ఇది చేశాడట. అది అతను నీకు చెప్పుకోవాల్సిన సంగతి, నేను సాగదీయను. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ మొదటి మాటే. నేను వెనకాల ఉంటే అయ్యేది కాదు. మబ్బు చూసి కూడా కూర్చుండిపోయానే, ఆ రోజు వెళ్లి, తడుస్తూ, నా కుర్చీలో ఊరికే కూర్చుని ఉంటే చాలు. నోరు కూడా విప్పనక్కర్లేదు. ఆ కుర్రాడి మణికట్టు మిగిలేది. మీ నాన్నా మిగిలేవాడేమో.

ఈ శనివారం ఆట మొదలయ్యేముందు మైకు అడిగాను, టైలరు సంబరంగా ఒప్పుకున్నాడు. నువ్వు రాసింది మళ్లీ చదువుతాననుకుంటున్నాడు. నేను కిటికీలోంచి చూసిన మబ్బు గురించి చెబుతాను. ఆ కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచి, అందరిముందూ క్షమాపణ అడుగుతాను. ఆ తర్వాత నా కుర్చీ కింద మెత్త ఉంటుందో, కుర్చీయే ఉండదో వాళ్ల ఇష్టం. స్టాండుకి తెలిసేముందు నీకు తెలియాలని ఈ ఉత్తరం.

ఇవాళ పొద్దున మీ నాన్నతో ఈ మాట చెప్పాను. గోడవైపు చూస్తూ అన్నాడు, "శనివారం ఎండ ఎక్కువట అత్తయ్యా."

"అయితే గొడుగు తీసుకో," అన్నాను. "నువ్వూ వస్తున్నావు."

నేను ఇది రాస్తుంటే గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, తలుపు వెనక మూలపడి ఉన్న పాత గొడుగుకి విరిగిన ఊచ తీగతో కడుతున్నాడు. రెండుసార్లు తెరిచి మూసి చూశాడు.

ఆ గుడ్డ పట్టుకుని నిలబడటానికి రావద్దు. నామీద కోపమొచ్చి అసలు రాకపోయినా తప్పుపట్టను. వచ్చేటట్టయితే ఖాళీ చేతులతో రా. గొడుగు చిన్నదే, కానీ నువ్వు సన్నంగానే ఉంటావు కదా.

ఇట్లు,
మబ్బు చూసి కూడా ఇంట్లో కూర్చున్న
మీ అమ్మమ్మ